"అక్కడ గొడవలంట కదా, టూర్ ఆపేద్దామా?": అపోహలు - వాస్తవాలు

నేపాల్, శ్రీలంక, థాయ్‌లాండ్ వైపు గ్రూపులను తీసుకెళ్లే పని నాది. ఎక్కువమంది యాత్రలకు వచ్చే పెద్దవాళ్లు, మధ్యమధ్యలో కొన్ని ఫ్యామిలీ టూర్లు. 2025 సెప్టెంబర్‌లో కాఠ్‌మాండూ తగలబడుతున్న వీడియోలు టీవీల్లో తిరిగినప్పటి నుంచి, టూర్ గురించి అడిగేవాళ్లు రేటు కంటే ముందు "అక్కడ గొడవలేం లేవు కదండీ?" అంటున్నారు. అడగాల్సిందే. కాకపోతే ఈ విషయంలో జనానికి ఉన్న నమ్మకాల్లో సగం తప్పులు. కొన్ని అనవసరమైన భయాలు, కొన్ని అనవసరమైన ధీమాలు. నా అనుభవంలో ధీమాగా వచ్చినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

అపోహ: టీవీలో చూపిస్తున్నారంటే దేశమంతా అలాగే ఉంటుంది.

వాస్తవం: నేపాల్‌లో ఏం జరిగిందో తేదీల ప్రకారం చూడండి. సెప్టెంబర్ 4న ప్రభుత్వం 26 సోషల్ మీడియా యాప్‌లను నిషేధించింది. 8న కుర్రాళ్లు పార్లమెంటు ముందుకు వచ్చారు, కాల్పులు జరిగాయి, ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. 9న ప్రధాని కేపీ శర్మ ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటు, సుప్రీంకోర్టు, సచివాలయం ఉండే సింహ దర్బార్ అదేరోజు తగలబడ్డాయి. మధ్యాహ్నానికి ఎయిర్‌పోర్టు మూసేశారు, రాత్రికి రోడ్ల మీదికి ఆర్మీ వచ్చింది. 10 సాయంత్రానికి ఎయిర్‌పోర్టు మళ్లీ తెరిచారు. 12న సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు.

అంటే మంటలన్నీ ప్రధానంగా రెండు రోజుల్లోనే. కాఠ్‌మాండూతో పాటు పోఖరా లాంటి ఊళ్లలోనూ తగలబెట్టారు, అది నిజం. కానీ ఎవరెస్ట్, అన్నపూర్ణ ట్రెక్కింగ్ దారుల్లో జనం నడుస్తూనే ఉన్నారు. వాళ్ల టెన్షన్ అంతా తిరుగు ఫ్లైట్ గురించే. మానససరోవరం యాత్రకు వెళ్లిన మన తెలుగువాళ్లు కొందరు సిమికోట్‌లో ఆగిపోయారు. చిన్న విమానాల మీదే ఆధారపడే కొండ ఊరు అది. అక్కడ వాళ్లను ఆపింది గుంపులు కాదు, ఎగరని విమానాలు. వాళ్లను నేపాల్‌గంజ్ దాకా విమానంలో దించి, అక్కడి నుంచి రోడ్డు మీద లక్నో వైపు తీసుకొచ్చారు.

అందుకే "ఆ దేశం సేఫా?" అని అడిగితే నా దగ్గర జవాబుండదు. ఫలానా రోజు ఫలానా ఊళ్లో ఉంటాం, అక్కడి నుంచి బయటపడటానికి ఎన్ని దారులున్నాయి అని అడిగితే చెప్పగలను. కాఠ్‌మాండూ నుంచి విమానం ఉంది, రోడ్డు మీద ఇండియా సరిహద్దు దాటడానికి బీర్‌గంజ్-రక్సౌల్ ఉంది, భైరహవా-సోనౌలీ ఉంది. పోఖరా నుంచి కాఠ్‌మాండూ ముఖం చూడకుండానే సోనౌలీ చేరొచ్చు. ముక్తినాథ్ వెళ్లినవాళ్లు జోమ్‌సోమ్ మీదుగా పోఖరా వైపు దిగిరావాలి, రోడ్డు మీద వేరే దారి పెట్టుకోలేం. శ్రీలంక ద్వీపం కాబట్టి కొలంబో ఎయిర్‌పోర్టు మీదే లెక్క. ఇదంతా బుకింగ్ రోజునే కాగితం మీద రాసుకోవాలి, గొడవ మొదలయ్యాక మ్యాప్ తెరిస్తే లాభం లేదు.

అపోహ: ఫైవ్ స్టార్ హోటల్లో దిగితే భయం లేదు.

వాస్తవం: సెప్టెంబర్ 9న కాఠ్‌మాండూలో తగలబడిన భవనాల్లో హిల్టన్ హోటల్ ఒకటి. 2024లోనే తెరిచిన హోటల్ అది. ఇంకో పెద్ద హోటల్ మీద కూడా దాడి జరిగింది. జనం కోపం పెద్దవాళ్ల మీద ఉన్నప్పుడు, పెద్దవాళ్లు వచ్చిపోయే బిల్డింగులే ముందు కళ్లబడతాయి. బ్యాంకాక్‌లో 2010లో ఎర్రచొక్కాలు వేసుకున్న ప్రభుత్వ వ్యతిరేక నిరసనకారులు వారాల తరబడి బైఠాయించింది రాచప్రసోంగ్‌లో, పెద్ద మాల్స్, స్టార్ హోటళ్ల నడుమ. మే 19న ఆర్మీ వాళ్లను చెదరగొట్టినరోజు సెంట్రల్‌వరల్డ్ మాల్ తగలబడింది. మనవాళ్లు షాపింగ్‌కి తప్పకుండా వెళ్లే ఏరియా అది.

హోటల్‌కి ఎన్ని స్టార్లు అనేదానికంటే, పార్లమెంటు, సచివాలయం, ప్రధాని ఇల్లు, పార్టీ ఆఫీసులు, ఎప్పుడూ ధర్నాలు జరిగే కూడలి ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. కాఠ్‌మాండూలో అలాంటి చోట్లు మైతీఘర్, న్యూ బానేశ్వర్, సింహ దర్బార్ చుట్టుపక్కల. మా యాత్రికులను నేను పశుపతినాథ్ ఆలయం దగ్గర గౌశాల వైపు దించుతాను. గదులు మామూలుగా ఉంటాయి, వేడినీళ్లు వస్తే అదృష్టం. "ఇంత డబ్బు కడితే సత్రం గదా?" అని మొదటిరోజు తప్పకుండా ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారు. పొద్దున్నే గుడికి నడిచి వెళ్తారు, అవసరమైతే ఎయిర్‌పోర్టుకి కూడా నడిచే పోవచ్చు. బండ్లు తిరగని రోజున ఈ రెండో లాభం విలువ తెలుస్తుంది. ఇంకొకటి, గది రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో అడగండి, దిగగానే మెట్లు ఎటున్నాయో చూసుకోండి. వ్యూ కోసం పైఅంతస్తు అడిగే అలవాటు ఇలాంటి టైమ్‌లో వద్దు.

అపోహ: కర్ఫ్యూ అంటే మన బంద్ లాంటిదే, మనకు అలవాటే.

వాస్తవం: ఈ మాట హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా అంటారు. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె చూసినవాళ్లు కాబట్టి అంటారు. మన బంద్‌లో ఎప్పుడు బయటికి రావచ్చో, ఏ సందులోంచి వెళ్లొచ్చో, ఎవరితో ఎలా మాట్లాడాలో మనకు తెలుసు. సాయంత్రమైతే షాపులు సగం షట్టర్ ఎత్తుతాయి. పరాయి దేశంలో భాష రాకుండా, తుపాకీ పట్టుకున్న సైనికుడి ముందు ఆ తెలివి ఏదీ పనికిరాదు.

అలాగని కర్ఫ్యూ పెట్టగానే ప్రయాణం ఆగిపోయినట్టు కూడా కాదు. థాయ్‌లాండ్‌లో 2014 మే 22న సైన్యం అధికారం పట్టుకుంది. రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ. అయినా విమానాలు నడిచాయి, టికెట్, పాస్‌పోర్టు చూపించినవాళ్లను ఎయిర్‌పోర్టుకి వెళ్లనిచ్చారు. పట్టాయా, ఫుకెట్ లాంటి టూరిస్టు ఊళ్లలో జూన్ 3నే కర్ఫ్యూ ఎత్తేశారు, దేశమంతటా 13న ఎత్తేశారు. కాబట్టి కర్ఫ్యూ అని వినగానే ఫ్లైట్ వదిలేసుకోకండి. టికెట్ మాత్రం ప్రింట్ తీసి పాస్‌పోర్టుతో పాటు చేతిలో ఉంచుకోండి. అర్ధరాత్రి ఫ్లైట్ అయితే వెలుతురు ఉండగానే హోటల్ వాళ్ల బండిలో ఎయిర్‌పోర్టు చేరి అక్కడే కూర్చోండి. నడుము నొప్పి వస్తుంది, ఫ్లైట్ మాత్రం దొరుకుతుంది.

అయితే ఎయిర్‌పోర్టే మూసేశారని తెలిస్తే అటు పోవద్దు. 2008 నవంబర్ 25న బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులోకి పసుపుచొక్కాల నిరసనకారులు చొరబడ్డారు. డిసెంబర్ మొదటివారం దాకా విమానాలు సరిగా లేవు. కొన్నింటిని ఊ-టపావ్ అనే నౌకాదళం విమానాశ్రయం నుంచి నడిపారు. అలాంటప్పుడు హోటల్ గది ఖాళీ చేయకుండా, ఎయిర్‌లైన్ ఏం చెబుతుందో చూస్తూ ఉండటమే పని.

అపోహ: ఫోన్‌లో యూపీఐ ఉంది, అన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి.

వాస్తవం: నేపాల్ షాపుల్లో ఫోన్‌పే కాదు, "ఫోనెపే" అనే అక్కడి క్యూఆర్ మీద 2024 నుంచి మన యూపీఐ పనిచేస్తోంది. మామూలు రోజుల్లో చాలా సుఖం. కానీ సెప్టెంబర్‌లో నిషేధించిన 26 యాప్‌లలో వాట్సాప్ కూడా ఉంది. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో అయితే దేశం మొత్తానికి ఇంటర్నెట్టే తీసేశారు. అక్కడ చదువుకుంటున్న మన దేశపు పిల్లలు ఇంటికి కబురు చేయడానికి రోజుల తరబడి అవస్థపడ్డారు.

మూడు రోజుల తిండికీ గదికీ సరిపడా ఆ దేశపు నోట్లు, అందులో చిన్న నోట్లు ఎక్కువ, విడిగా పెట్టుకోండి. కర్ఫ్యూలో ఏటీఎంలలో డబ్బు నింపేవాళ్లు కూడా రారు. బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా అదనంగా, అవి కూడా బస్సు డిక్కీలో కాదు, భుజాన వేసుకునే సంచిలో. ఇంట్లోవాళ్లతో బయల్దేరే ముందే మాట అనుకోండి: నెట్ పోతే రోజుకు ఒక్కసారి, ఫలానా టైమ్‌కి మామూలు కాల్ లేదా ఎస్సెమ్మెస్ చేస్తాం అని. లేదంటే ఇక్కడ పిల్లలు టీవీ చూసి కంగారుపడి మా ఆఫీసు మీదికి వస్తారు. తప్పు వాళ్లది కాదు, ఆ స్క్రోలింగులు అలా ఉంటాయి.

అపోహ: ఏమైనా జరిగితే ప్రభుత్వమే విమానం పంపిస్తుంది.

వాస్తవం: ఈ నమ్మకం ఈమధ్య బాగా బలపడింది, కారణం కూడా ఉంది. 2025 సెప్టెంబర్ 10న మంత్రి నారా లోకేశ్ అమరావతి సచివాలయంలోని ఆర్టీజీఎస్ (రియల్ టైమ్ గవర్నెన్స్) కేంద్రం నుంచి నేపాల్‌లో ఉన్న తెలుగువాళ్ల వివరాలు సేకరింపజేశారు. మర్నాడే కాఠ్‌మాండూ నుంచి ప్రత్యేక విమానం వందమందికి పైగా విశాఖ, తిరుపతిలో దించింది. మంచి పని. కానీ అది ఎలా కుదిరిందో చూడండి. ఎయిర్‌పోర్టు అప్పటికి తెరుచుకుంది, ఒకేచోట చాలామంది ఉన్నారు, అన్నిటికంటే ముఖ్యంగా ఎవరు ఏ హోటల్లో ఉన్నారో పేర్లతో జాబితా తయారైంది. ఈ మూడూ కలవని చోట ఇలాంటి విమానం ఆశించలేం. 2022లో ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగాలో విద్యార్థులను ఉచితంగా తెచ్చారు, 2020లో వందే భారత్ విమానాలకు టికెట్ డబ్బు మనమే కట్టాం. ప్రతిసారీ ఒకే పద్ధతి ఉండదు.

ఎంబసీ చేయగలిగేవి: హెల్ప్‌లైన్ నడపడం, ఎటు కదలాలో ఎటు కదలకూడదో చెప్పడం, స్థానిక అధికారులతో మాట్లాడటం, పాస్‌పోర్టు పోతే ఇండియాకి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వడం. హోటల్ బిల్లు కట్టడం, ఫ్లైట్ టికెట్ కొనిపెట్టడం టూరిస్టుల విషయంలో మామూలుగా ఉండదు. మీరు చేయగలిగింది, గొడవ మొదలవగానే ఆ జాబితాలో పేరు ఎక్కించుకోవడం. గ్రూపులో అందరి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, వయసులు, ఫోన్లు, హోటల్ పేరు, ఊరు ఒక్క పేజీ మీద ముందే రాసి ఉంచుకుంటే ఎంబసీకీ ఇక్కడి అధికారులకూ ఒకేసారి అందించవచ్చు. యాభైమంది యాభై ఫోన్లు చేస్తే లైన్ దొరకదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది, దీని గురించి మా వాళ్లు కూడా సరిగా చెప్పరు. కాశీ, అయోధ్య చూసుకుని బస్సులో సోనౌలీ దాటి నేపాల్ వెళ్లేవాళ్లు చాలామంది ఆధార్ ఒక్కటే తెచ్చుకుంటారు. రోడ్డు మీద గడిచిపోతుంది. అకస్మాత్తుగా విమానంలో రావాల్సి వస్తే మాత్రం రూల్ ప్రకారం పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. పిల్లలకు, బాగా పెద్దవయసు వాళ్లకు కొంత సడలింపు ఉంది. బస్సు యాత్ర అయినా సరే, అసలు ఓటరు కార్డు సంచిలో వేసుకోండి.

అపోహ: ఇన్సూరెన్స్ చేయించాం, డబ్బంతా వెనక్కి వస్తుంది.

వాస్తవం: ఎయిర్‌లైన్ తనంతట తాను ఫ్లైట్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా వేరే ఫ్లైట్ చూపించాలి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్ అదే. కానీ రాజకీయ గొడవల వల్ల రద్దయితే పైన నష్టపరిహారం అడగలేరు. భయపడి మీరే ముందు రద్దు చేసుకుంటే మామూలు క్యాన్సిలేషన్ చార్జీలు పడతాయి. అందుకే కంగారులో వారం ముందే రద్దు చేయకుండా, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు దాకా ఆగమంటాను. చాలాసార్లు ఆలోపు ఎయిర్‌లైనే రద్దు చేయడమో, ఉచితంగా డేట్ మార్చుకోనివ్వడమో చేస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి: మామూలు పాలసీలు భయంతో మానుకున్న ప్రయాణానికి డబ్బివ్వవు. యుద్ధాన్ని దాదాపు అన్నీ మినహాయిస్తాయి. అల్లర్లు, సమ్మెల దగ్గర ఒక్కో పాలసీ ఒక్కోలా ఉంటుంది. గొడవ మొదలైందని వార్తలు వచ్చాక కొన్న పాలసీ ఆ గొడవకు పనికిరాదు. మా ఫీల్డ్‌లో "ఫుల్ కవర్ అండి" అని చెప్పి పాలసీ కాగితం చేతికివ్వనివాళ్లు ఉన్నారు. కాగితం అడిగి, మినహాయింపుల పేజీ చదవండి.

టికెట్ తీసేటప్పుడు రెండు విషయాలు. ఫ్లైట్ మారితే మెసేజ్ వచ్చేది టికెట్‌లో ఇచ్చిన నంబర్‌కే. అక్కడ ఏజెంట్ నంబర్ ఉంటే, ఏజెంట్ నిద్రపోతున్నప్పుడు మీ ఫ్లైట్ మారిపోవచ్చు. మీ నంబర్ కూడా పెట్టించండి. రెండోది, కాఠ్‌మాండూ-ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ-హైదరాబాద్ ఇంకో టికెట్ విడిగా కొంటే కాస్త చవక. మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఎవరికీ బాధ్యత ఉండదు. గొడవల టైమ్‌లో ఒకే టికెట్ మీద వెళ్లండి.

అపోహ: టూరిస్టుల జోలికి ఎవరూ రారు, దూరం నుంచి వీడియో తీసుకుంటే ఏమవుతుంది?

వాస్తవం: సైనికులను, చెక్‌పోస్టులను వీడియో తీయకండి. ఊరేగింపులో కలవకండి, విదేశీయులు రాజకీయ నిరసనల్లో పాల్గొంటే వీసా రద్దయ్యే దాకా పోవచ్చు. థాయ్‌లాండ్ గొడవలు నడిచిన ఏళ్లలో చొక్కా రంగు కూడా చూసుకోమని చెప్పేవాళ్లం, పసుపు ఒక పక్షం, ఎరుపు ఇంకో పక్షం. మనవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు లెండి.

అపోహ: ఒకసారి గొడవలైన దేశానికి ఏళ్ల తరబడి వెళ్లకూడదు.

వాస్తవం: శ్రీలంకలో 2022 జులై 9న జనం అధ్యక్షుడి భవనంలోకి దూసుకెళ్లారు. అదే ఏడాది టూరిస్టులను నిజంగా ఇబ్బంది పెట్టింది పెట్రోలు కొరత. బండి దొరికినా కదిలేది కాదు. అది సర్దుకున్నాక 2023లో ఆ దేశానికి ఎక్కువమంది టూరిస్టులు వెళ్లింది ఇండియా నుంచే. నేపాల్‌లో కూడా సెప్టెంబర్ గొడవ తర్వాత అక్టోబర్ ట్రెక్కింగ్ సీజన్ నడిచింది. గొడవ సద్దుమణిగిన కొత్తలో గదులు చవక, గుళ్లలో రద్దీ తక్కువ. కాకపోతే ఎన్నికల తేదీలు, పెద్ద కోర్టు తీర్పులు, ఆ గొడవ ఏడాది తిరిగే రోజులు క్యాలెండర్‌లో చూసుకుని, ఆ రోజుల్లో రాజధానిలో ఉండకుండా ప్లాన్ వేసుకోండి.

గ్రూపులో డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లు, ఈమధ్యే గుండె ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండుతున్నవాళ్లు ఉంటే మాత్రం లెక్క వేరు. రెండు రోజులు ఆసుపత్రికి వెళ్లలేకపోతే వాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. ఏజెంట్ ఎంత నచ్చజెప్పినా వాయిదా వేసుకోండి. డేట్ మార్చినందుకు మేం వేసే చార్జీ దగ్గర గట్టిగా బేరమాడండి, చాలామందిమి తగ్గిస్తాం.