రెండున్నర సెకన్లలో అయిదు సెకన్ల పని

1998 మార్చి 13. అమెరికా కళాశాలల జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నీ, తొలి రౌండు, ఓక్లహోమా సిటీ. ఆట ముగియడానికి ఇంకా 4.1 సెకన్లు ఉండగా గడియారం ఆగి ఉంది. అభిమానులు ఓల్ మిస్ అని పిలుచుకునే మిసిసిపీ విశ్వవిద్యాలయం 69-67తో ముందుంది. ఆ ఏడాది వాళ్ల కాన్ఫరెన్స్ (కళాశాలల బృందం) మొత్తానికీ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన అన్సు సెసే చేతిలో రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డం రాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు, ఉన్నాయి. ఎదురుగా ఇండియానా రాష్ట్రం నుంచి వచ్చిన వాల్పరేజో అనే చిన్న విశ్వవిద్యాలయం జట్టు. టోర్నీకి ముందు బలాబలాలను బట్టి వేసిన వరసలో ఓల్ మిస్‌ది నాలుగో స్థానం, వాల్పరేజోది పదమూడు.

నూటికి డెబ్బై ఫ్రీ త్రోలు వేసే ఆటగాడిని ఊహించుకుందాం. అతను రెండూ వేసే అవకాశం 49 శాతం, ఒక్కటే వేసేది 42, రెండూ పోగొట్టేది 9. రెండూ పడితే తేడా నాలుగై మ్యాచ్ దాదాపు ముగిసినట్టే. ఒకటి పడితే తేడా మూడు, దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ (త్రీ పాయింటర్) పడినా స్కోరు సమం అవుతుందే తప్ప గెలుపు రాదు. సెసే రెండూ పోగొట్టాడు. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతి (రీబౌండ్) కోసం జరిగిన పెనుగులాటలో బంతి ఓల్ మిస్ ఆటగాళ్లకు తగిలి గీత బయటికి పోయింది. ఆ పెనుగులాట 1.6 సెకన్లు తినేసింది. మిగిలినవి 2.5. బంతి వాల్పరేజోది, కానీ తమ రింగు వెనక గీత దగ్గర. వేయాల్సిన రింగు కోర్టు అవతలి కొసన ఉంది. కళాశాలల కోర్టు పొడవు 94 అడుగులు, అంటే 28.65 మీటర్లు.

తర్వాత జరిగింది ఇది. జేమీ సైక్స్ విసిరినట్టు నటించి, ముందున్న డిఫెండర్‌ను ఎగరనిచ్చి, అప్పుడు నిజంగా విసిరాడు. సగం గీత అవతల బిల్ జెంకిన్స్ గాల్లోకి లేచి బంతి అందుకుని, నేల మీదికి రాకముందే కుడివైపు పరిగెత్తుకొస్తున్న బ్రైస్ డ్రూకు తోసేశాడు. డ్రూ సుమారు 23 అడుగుల నుంచి వేశాడు. పడింది. 70-69. ఈ ఎత్తుగడకు జట్టులో ‘పేసర్’ అని పేరు. కోచ్ హోమర్ డ్రూ, బ్రైస్‌కు తండ్రి, దాన్ని ప్రాక్టీసులో పదేపదే చేయించాడు.

ఇంత పని రెండున్నర సెకన్లలో ఎలా పట్టింది? పట్టలేదు. మొత్తం సంఘటన అయిదు సెకన్లకు దగ్గరగా ఉంటుంది. అందులో సగమే గడియారం లెక్కలోకి వచ్చింది. క్రికెట్‌లో చివరి ఓవర్ అంటే మిగిలిన బంతుల లెక్క. ఇక్కడ మిగిలిన కాలం లెక్క, ఆ కాలానికి రెండు కొసలా చిల్లులున్నాయి.

మొదటి చిల్లు త్రో-ఇన్. గీత బయటి నుంచి విసిరిన బంతి కోర్టులో ఎవరినైనా తాకే దాకా గడియారం కదలదు. విసిరేవాడికి బంతి పట్టుకుని నిలబడేందుకు 5 సెకన్లు ఉంటాయి, అవీ లెక్కలోకి రావు. 17 మీటర్ల దూరానికి 30 డిగ్రీల వాలులో విసిరితే బంతి గాల్లో ఉండేది సుమారు 1.4 సెకన్లు. అంటే కోర్టులో సగానికి పైగా దూరం ఉచితం. రెండో చిల్లు షాట్. బజర్ మోగి రింగు వెనక బోర్డు అంచున ఎర్ర దీపం వెలిగేలోగా బంతి వేళ్లు వదిలితే చాలు, ఆ తర్వాత అది గాల్లో ఎంతసేపున్నా చెల్లుతుంది. ఏడు మీటర్ల షాట్‌కు ఈ ప్రయాణం 1.2 నుంచి 1.3 సెకన్లు. కాబట్టి లెక్కలోకి వచ్చేది మధ్య భాగం ఒక్కటే: జెంకిన్స్ తాకడం, తోయడం, డ్రూ పట్టుకోవడం, వదలడం. నాలుగైదు మీటర్ల పాస్‌కు అరసెకను, పట్టుకుని వేయడానికి ఒక సెకను వేసుకున్నా ఇంకా కాస్త మిగులుతుంది. జెంకిన్స్ బంతితో కిందికి దిగి, అడుగులు సరిచూసుకుని పాస్ ఇచ్చి ఉంటే ఆ మిగులు కరిగిపోయేది. గాల్లోనే తోయడంలో అసలు తెలివి అదే. నా మటుకు నాకు ఈ ఎత్తుగడలో అందరికంటే గొప్ప పని షాట్ వేసినవాడిది కాదు, మధ్యలో నిలిచినవాడిది.

సైక్స్ సంగతి కూడా యాదృచ్ఛికం కాదు. అతను బేస్‌బాల్ ఔట్‌ఫీల్డర్ (మైదానం దూరపు భాగంలో నిలబడేవాడు), అరిజోనా డైమండ్‌బ్యాక్స్ అనే వృత్తి బేస్‌బాల్ సంస్థ ఎంపిక చేసుకున్నవాడు. దూరం నుంచి గురి చూసి విసరడం అతనికి వేరే ఆటలో అలవాటైన పని. బాస్కెట్‌బాల్‌ను అలా విసరడం మాత్రం అంత సులభం కాదు. బంతి వ్యాసం 24 సెంటీమీటర్లు, బరువు 600 గ్రాముల చిల్లర. పరిమాణానికి తేలిక. సెకనుకు 16 మీటర్ల వేగంతో పోతుంటే గాలి వెనక్కి లాగే బలం బంతి బరువులో సుమారు సగం ఉంటుంది. పక్కకు తిరుగుతూ పోతే అదే గాలి దాన్ని దారి తప్పిస్తుంది. తిరిగే బంతి తనను దాటిపోయే గాలిని ఒకవైపుకు మళ్లిస్తుంది, దానికి బదులుగా బంతి రెండోవైపుకు జరుగుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు.

ఇది కాగితం మీది భయం కాదు. 1992 ఫిబ్రవరిలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంతో మ్యాచ్ చివర డ్యూక్ విశ్వవిద్యాలయం ఆటగాడు గ్రాంట్ హిల్ కోర్టు పొడవునా విసిరిన బంతి వంకర తిరిగింది, అందుకోబోయిన క్రిస్టియన్ లేట్నర్ గీత బయటికి పోయాడు. నెల దాటాక మార్చి 28న ఫిలడెల్ఫియాలో కెంటకీ విశ్వవిద్యాలయం మీద మళ్లీ అదే జంట, అదే పాస్. 2.1 సెకన్లు, 103-102తో కెంటకీ ముందంజ. ఈసారి 75 అడుగుల పాస్ తిన్నగా వచ్చింది. లేట్నర్ పట్టుకుని ఒకసారి డ్రిబుల్ చేసి, తిరిగి వేసి 104-103తో గెలిపించాడు. కెంటకీ ఆ రోజు హిల్ ముందు డిఫెండర్‌నే పెట్టలేదు. రెండు చేతులు అడ్డం ఉంటే విసిరేవాడు బంతిని ఇంకా ఎత్తులోంచి పంపాలి, ఎత్తు పెరిగితే గాల్లో కాలం పెరుగుతుంది, కింద డిఫెండర్లు చేరుకోవడానికి వీలుంటుంది. అడ్డం ఉండే మనిషి పని బంతిని ఆపడం కాదు, దాన్ని నెమ్మదింపజేయడం. ఓల్ మిస్ ఆ మనిషిని పెట్టింది, సైక్స్ నటన అతన్ని తప్పించింది.

బంతి ఎవరినీ తాకకుండా కోర్టు దాటి బయటికి పోతే ఇంకా ఘోరం. గడియారం కదలదు, బంతి ఎదుటివాళ్లకు వస్తుంది. అది కూడా విసిరిన చోటి నుంచే, అంటే మీ రింగు కిందనే. అందుకే కోచ్‌లు పొడవు పాస్‌ను గీతకు దగ్గరగా కాక కోర్టు నడిమికి వేయమంటారు. బంతి గీత బయటికి పోయాక దొరికిన త్రో-ఇన్‌లో విసిరేవాడు చూపిన చోటు వదిలి జరగకూడదు. ఎదుటివాళ్లు పాయింటు వేశాక దొరికే త్రో-ఇన్‌లోనే గీత వెంట అటూ ఇటూ పరిగెత్తే స్వేచ్ఛ ఉంటుంది. సైక్స్‌కు ఆ స్వేచ్ఛ లేదు.

ఇక షాట్. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు స్కోరు సమం చేసే రెండు పాయింట్ల షాట్ మేలా, గెలిపించే మూడు పాయింట్ల షాట్ మేలా? దగ్గరి షాట్ పడే అవకాశం 50 శాతం అనుకుందాం. పడ్డా ఓవర్‌టైమ్ (అదనపు సమయం) ఆడాలి, అందులో గెలుపు సగం సగం అనుకుంటే మొత్తం మీద 25 శాతం. కాబట్టి మూడు పాయింట్ల షాట్ నాలుగింట ఒకటి పడినా నష్టం లేదు. చిన్న జట్టుకు ఓవర్‌టైమ్‌లో సగం అవకాశం కూడా ఉండదు గనక త్రీ పాయింటర్ వైపే మొగ్గు. అప్పట్లో కళాశాలల మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాల దగ్గర ఉండేది. డ్రూ దానికి మూడడుగుల బయటినుంచి వేశాడు.

రింగు ఎత్తు 3.05 మీటర్లు, లోపలి వ్యాసం 45.7 సెంటీమీటర్లు. బంతిని 2.2 మీటర్ల ఎత్తులో వదిలారనుకుంటే, గాలిని పక్కనపెట్టి లెక్కేస్తే, ఏడు మీటర్ల దూరానికి అతి తక్కువ వేగం చాలే కోణం 48.5 డిగ్రీలు, వేగం సెకనుకు 8.80 మీటర్లు. కోణాన్ని 52కు పెంచితే కావలసిన వేగం 8.84. తేడా లేనట్టే, కానీ లాభం పెద్దది: బంతి రింగులోకి దిగే వాలు 41.6 డిగ్రీల నుంచి 46కు పెరుగుతుంది. ఏటవాలుగా వచ్చే బంతికి రింగు నిండు వృత్తంలా ఎదురుకాదు, నొక్కేసినట్టు సన్నగా ఎదురవుతుంది. 46 డిగ్రీల్లో ఆ సందు 33 సెంటీమీటర్లు. 32 డిగ్రీలకు దిగితే బంతి వ్యాసం 24తో సమానమై, రింగును తాకకుండా పడే వీలే ఉండదు.

ఎక్కడ తప్పు జరిగితే ఎంత నష్టం? 52 డిగ్రీల షాట్‌లో కోణం ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే బంతి పడే చోటు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు మారుతుంది. రింగు తాకకుండా పడటానికి ముందుకో వెనక్కో ఉన్న జాగా ఆరు సెంటీమీటర్లు, కాబట్టి సరిపోతుంది. వేగం ఒక్క శాతం ఎక్కువైతే మాత్రం బంతి 15 సెంటీమీటర్లు ముందుకుపోయి వెనక అంచుకు కొడుతుంది. పక్కకు ఒక డిగ్రీ తప్పితే 12 సెంటీమీటర్లు, అక్కడున్న జాగా 11. చివరి క్షణంలో పోయే షాట్లలో ఎక్కువ భాగం ముందు అంచుకో వెనక అంచుకో తగలడానికి కారణం ఇదే. అలసిన కాళ్లు, పరుగు మీద ఆగీ ఆగని ఒళ్లు దెబ్బతీసేది కోణాన్ని కాదు, వేగాన్ని. పరిగెత్తే దిశలోని వేగం బంతికి కలుస్తుంది గనక కాళ్లు నిలదొక్కుకోవడం తప్పనిసరి. బంతికి సెకనుకు మూడు చుట్ల వెనకతిప్పుడు ఉంటే రింగుకో బోర్డుకో తగిలినప్పుడు కొంత వేగం చచ్చి లోపలికి జారే అవకాశం మిగులుతుంది.

గడియారం విషయంలో మనిషి చెయ్యి ఎప్పుడూ ఆలస్యమే. విజిల్ విని మీట నొక్కడానికి 0.2 సెకన్లకు తక్కువ పట్టదు. అందుకే పెద్ద పోటీల్లో రెఫరీలు నడుముకు చిన్న యంత్రం కట్టుకుంటారు. మెడ దగ్గరి మైక్రోఫోన్ విజిల్ ధ్వనిని గుర్తించగానే గడియారం దానంతటదే ఆగుతుంది. మళ్లీ నడిపించడానికి నడుము దగ్గరి మీట ఉంటుంది. చెయ్యి అందుకోలేని కాలానికి కళాశాలల ఆటలో నియమం ఉంది: 0.3 సెకన్లు గానీ అంతకు తక్కువ గానీ మిగిలితే బంతిని పట్టుకుని వేయడం చెల్లదు, తోసి వేయడమే చెల్లుతుంది. 1990 జనవరి 15న చికాగో మీద న్యూయార్క్ ఆటగాడు ట్రెంట్ టక్కర్ 0.1 సెకను మిగిలి ఉండగా బంతి పట్టుకుని, తిరిగి, వేసిన షాట్‌ను లెక్కించాకే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఇలాంటి నియమం తెచ్చింది; అక్కడ హద్దు 0.3 కంటే తక్కువ.

ఎంత ఆధిక్యం ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు? బేస్‌బాల్ గణాంకాల విశ్లేషకుడు బిల్ జేమ్స్ 2008లో కళాశాలల బాస్కెట్‌బాల్‌కు ఒక సూత్రం చెప్పాడు. ఆధిక్యంలోంచి 3 తీసేయండి. బంతి ముందున్న జట్టు చేతిలో ఉంటే అర కలపండి, లేకుంటే అర తీయండి. వచ్చినదాన్ని వర్గం చేయండి. అది మిగిలిన సెకన్లకంటే ఎక్కువైతే ఆధిక్యం భద్రం. పది పాయింట్ల ఆధిక్యం, బంతి చేతిలో ఉంటే 7.5 వర్గం 56, అంటే 56 సెకన్ల దాకా భద్రం. వర్గం ఎందుకంటే, స్కోరు తేడా నాణెం ఎగరేసినట్టు అటూ ఇటూ ఊగుతుంది, అలాంటి ఊగిసలాట విస్తృతి కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. రెండు పాయింట్ల ఆధిక్యంలో 3 తీసేస్తే మిగిలేది సున్నా కంటే తక్కువ. ఓల్ మిస్‌కు ఏ క్షణమూ భద్రం కాదు.

ఈ సూత్రం కూడా ఒకసారి గట్టిగా ఓడింది, ఓక్లహోమా సిటీలోనే. 2016 మార్చి 18న అయోవాలోని నార్తర్న్ అయోవా జట్టు సగం గీత దగ్గరి నుంచి చివరి క్షణంలో వేసిన షాట్‌తో టెక్సస్‌ను 75-72తో ఓడించింది. రెండు రోజుల తర్వాత అదే జట్టు టెక్సస్ ఏ అండ్ ఎం అనే వేరే విశ్వవిద్యాలయం మీద 44 సెకన్లు మిగిలి ఉండగా 69-57తో ముందుంది. బంతి ఎవరి చేతిలో ఉన్నా సూత్రం ప్రకారం భద్రత గీత 72 సెకన్లకు పైమాటే. ఏ అండ్ ఎం ఆ కాస్త సమయంలో 14 పాయింట్లు వేసింది, అయోవా వాళ్లు రెండే వేశారు. 71-71. పాయింటు వేసిన ప్రతిసారీ ఏ అండ్ ఎం గీత దగ్గరే మీదపడింది, అయోవా వాళ్లు బంతిని లోపలికి వేయలేక వరసగా పోగొట్టుకున్నారు. నాణెం లెక్కలో ఒక ఎగరేత ఫలితం తర్వాతి దాన్ని మార్చదు. ఇక్కడ ప్రతి పొరపాటు బంతిని రింగు పక్కనే ఎదుటివాడి చేతిలో పెట్టింది, గడియారం మాత్రం ఒకటి రెండు సెకన్లకు మించి కదల్లేదు. రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత ఏ అండ్ ఎం 92-88తో గెలిచింది.