ఎండితే విషం పోతుందా? పుట్టగొడుగులు, మూలికల గురించి అపోహలు - వాస్తవాలు

అడవి పుట్టగొడుగులను గుర్తించడం, ఆకులనూ మూలికలనూ ఇంట్లో ఎండబెట్టి నిలవ చేయడం నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పనులు. ఈ రెండింటికీ సంబంధం లేదనుకునేవారు ఎక్కువ. నన్ను అడిగే ప్రశ్నలలో నిజంగా ప్రమాదకరమైనవి మాత్రం ఈ రెండూ కలిసే చోటే పుడుతున్నాయి. ఒకసారి ఒకావిడ గాజు సీసా నిండా ఎండిన ముక్కలు తెచ్చి, "ఇవి తినదగినవేనా, కాస్త చూసి చెప్పండి" అని అడిగారు. ముక్కలు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయి ఉన్నాయి. ఏది గొడుగో, ఏది కాడో తెలియడం లేదు. మట్టి అంటుకుని ఉందని కాడ మొదళ్లను కోసేటప్పుడే పారేశామని ఆవిడ చెప్పారు. గుర్తించడానికి కావలసిన ముఖ్యమైన ఆధారం ఆ పారేసిన మొదళ్లలోనే ఉంది. సీసాలో ఉన్నదంతా దగ్గరుండి పారబోయించాను. ఎండబెట్టినప్పుడు నీరు పోతుంది, నీటితోపాటు ఆనవాళ్లూ పోతాయి, విషం మాత్రం అలాగే ఉంటుంది. ఇక్కడ రాస్తున్న దానిలో చాలా భాగం ఈ సంగతికి వివరణే.

అపోహ: ఎండబెడితే, లేదా బాగా ఉడికిస్తే విషం విరిగిపోతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే నమ్మకం ఇది. ప్రపంచంలో పుట్టగొడుగుల వల్ల సంభవించే మరణాలలో అత్యధికం డెత్ క్యాప్ అనే అమానిటా ఫాలోయిడిస్ వల్లా, మచ్చలేని తెలుపుతో చూడముచ్చటగా ఉండే దాని దగ్గరి జాతుల వల్లా జరుగుతున్నాయి. వీటిలో ఉండే అమాటాక్సిన్లు వంట వేడికి గానీ, ఎండకు గానీ, ఫ్రీజర్ చలికి గానీ చెక్కుచెదరవు. అవి కణంలోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైమును పట్టి ఆపేస్తాయి కాబట్టి, కణం తనకు కావలసిన ప్రోటీన్లను తయారు చేసుకోలేక చనిపోతుంది. ఆ దెబ్బ ముందుగా తగిలేది పేగులకు, ఆ తరువాత కాలేయానికి. శరీర బరువులో కిలోకు సుమారు 0.1 మిల్లీగ్రాము ప్రాణాంతకం కావచ్చు. అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు, అది ఒక్క పుట్టగొడుగులోనే ఉండవచ్చు. పచ్చి పుట్టగొడుగు బరువులో దాదాపు 90 శాతం నీరే. అందువల్ల ఎండిన 10 గ్రాముల ముక్కలలో పచ్చివి 100 గ్రాములలో ఉండేంత విషం ఉంటుంది. 2023లో ఆస్ట్రేలియాలో ఒక ఇంటి భోజనంలో డెత్ క్యాప్ కలిసి ముగ్గురు మరణించిన కేసులో, ఎండబెట్టే యంత్రంలో ఆ పుట్టగొడుగు ఆనవాళ్లు దొరికాయని కోర్టు విచారణలో వెల్లడైంది.

ఈ అపోహ పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. గైరోమిట్రా అనే, మెదడు ముడతలను పోలిన పుట్టగొడుగులోని విషం కొంతవరకు ఆవిరయ్యే స్వభావం గలది. ఎండబెట్టి, పలుమార్లు ఉడికించి, నీరు పారబోస్తే అది తగ్గుతుంది. తగ్గుతుందే తప్ప పూర్తిగా పోతుందన్న భరోసా లేదు, పైగా ఉడికేటప్పుడు లేచే ఆవిరిని పీల్చినవారికి కూడా ప్రమాదమే. ఒక జాతికి సగం మాత్రమే వర్తించే విషయాన్ని అన్ని జాతులకూ అంటగట్టడం వల్లనే ఇంత నష్టం జరుగుతోంది.

అపోహ: వెండి చెంచా నల్లబడకపోతే, వెల్లుల్లి రంగు మారకపోతే, పురుగులు తింటూ ఉంటే ఆ పుట్టగొడుగు మంచిదే.

ఇటువంటి పరీక్షలలో ఒక్కటీ నమ్మదగినది కాదు. వెండి నల్లబడేది గంధకపు సమ్మేళనాల వల్ల. ప్రాణం తీసే అమాటాక్సిన్ వెండినీ మార్చదు, వెల్లుల్లినీ మార్చదు, బియ్యాన్నీ మార్చదు. గొడుగు మీది పొర సులభంగా ఊడి వస్తే మంచిదంటారు, డెత్ క్యాప్ పొర చక్కగా ఊడి వస్తుంది. నత్తలూ, కొన్ని రకాల ఈగల పిల్లపురుగులూ ఆ విషాన్ని తట్టుకుని హాయిగా తింటాయి. వాటి శరీరానికి సరిపడినది మనకు సరిపడాలని ఏమీ లేదు. చేదుగా ఉండేదే విషమన్న మాట కూడా నిలవదు, ఎందుకంటే డెత్ క్యాప్ తిని బతికి బయటపడినవారిలో అది రుచిగా ఉందని చెప్పినవారు ఉన్నారు. రంగు సంగతీ ఇంతే. తెల్ల చుక్కలతో ఎర్రగా మెరిసే అమానిటా మస్కేరియా విషపూరితమే అయినా దానివల్ల మరణాలు అరుదు. ప్రాణాలు తీసేవి లేత ఆకుపచ్చగానో, తెల్లగానో, ఏ హంగూ లేకుండా నిలబడి ఉంటాయి.

చెట్టు మొద్దు మీద మొలిచినవన్నీ క్షేమమే అనే మాట కూడా వింటుంటాను. గలెరీనా మార్జినేటా అనే చిన్న గోధుమరంగు పుట్టగొడుగు కుళ్లిన కలప మీదే పెరుగుతుంది, దానిలో ఉన్నదీ అమాటాక్సిన్లే. ఇక మన భాషలో పుట్టగొడుగు అన్న పేరులోనే పుట్ట ఉన్నందువల్లనో ఏమో, పుట్ట దగ్గర మొలిచినది ఏదైనా తినవచ్చని కొందరు ధీమాగా ఉంటారు. చెదపురుగులు సాకే టెర్మిటోమైసెస్ జాతులకు కాడ కిందినుంచి వేరులాంటి పొడవైన తోక నేలలోకి దిగి చెదల గూటిదాకా వెళ్తుంది. చూడవలసిన గుర్తులలో అది ఒకటి. పుట్ట పక్కన ఉన్నంత మాత్రాన ఏ పుట్టగొడుగూ ఆ జాతిదైపోదు.

మరి ఎలా చూడాలి? కోయకూడదు. చిన్న కత్తితో చుట్టూ మట్టిని వదులు చేసి, కాడను మొదలంటా పైకి తీయాలి. అమానిటా జాతుల కాడ అడుగున తరచుగా పగిలిన గుడ్డు పెంకులాంటి సంచి మిగిలి ఉంటుంది. పైనుంచి లాగితే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది. ఇంకా విచ్చుకోని లేత దశలో ఇవి తెల్లని గుడ్లలా కనిపించి, బంతిలా గుండ్రంగా ఉండే, తినదగిన పఫ్‌బాల్ అనే పుట్టగొడుగు అనిపిస్తాయి. అప్పుడు నిలువుగా రెండుగా కోసి చూడాలి. లోపల అంతా ఒకే తెల్లని గుజ్జుగా ఉంటే అది పఫ్‌బాల్ కావచ్చు. గొడుగూ, కాడా, వాటి మధ్య రేకులూ బొమ్మ గీసినట్లు కనిపిస్తే అది పఫ్‌బాల్ కాదు, అమానిటా కావచ్చు. దానిని అక్కడే వదిలేయాలి.

తరువాత చూడవలసినది సిద్ధబీజాల రంగు, అంటే గొడుగు కింది రేకుల నుంచి రాలే పొడిలాంటి బీజాల రంగు. కాడను తీసేసి, గొడుగును సగం నల్లగా సగం తెల్లగా ఉన్న కాగితం మీద రేకులు కిందికి ఉండేలా పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున గిన్నె ఎత్తితే, రేకుల వరుస వరుసంతా పిండితో ముగ్గు వేసినట్లు కాగితం మీద అచ్చు పడి ఉంటుంది. అమానిటాల అచ్చు తెలుపు. వరిగడ్డి పుట్టగొడుగుకు కూడా కాడ అడుగున సంచి ఉంటుంది, కానీ దాని అచ్చు గులాబీ ఛాయకు తిరుగుతుంది. ఆసియాలో ఈ వరిగడ్డి రకానికి అలవాటుపడి వేరే ఖండాలకు వెళ్లిన కుటుంబాలు అక్కడి డెత్ క్యాప్‌ను అదే అనుకుని తిన్న ఘటనలు నమోదై ఉన్నాయి. పచ్చిక మీద మొలిచే క్లోరోఫిలమ్ మాలిబ్డైటిస్ లేత వయసులో తినదగిన రకాన్ని అచ్చంగా పోలి ఉంటుంది, రేకులు కూడా తెల్లగానే ఉంటాయి. అచ్చు మాత్రం మురికి ఆకుపచ్చగా పడుతుంది. ఈ పుట్టగొడుగు సాధారణంగా ప్రాణం తీయదు గానీ, తీవ్రమైన వాంతులతో, విరేచనాలతో మనిషిని కుదేలు చేస్తుంది. అచ్చు ఏ రంగులో పడినా అది ఒక ఆధారం మాత్రమేననీ, అమాటాక్సిన్లున్న గలెరీనా అచ్చు కూడా తెల్లగా కాక తుప్పు రంగులో పడుతుందనీ గుర్తుంచుకోవాలి. గుర్తులన్నీ ఒకే జాతిని చూపించకపోతే నేను దానిని తినను, ఎవరినీ తిననివ్వను.

ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌ను అడిగితే సరిపోదా అని చిన్నవారు అడుగుతుంటారు. పైనుంచి తీసిన ఫొటోలో కాడ మొదలు ఉండదు, సిద్ధబీజాల రంగు ఉండదు, వాసన ఉండదు. పేర్లు వెతుక్కోవడానికి యాప్ ఉపయోగపడుతుంది, తినాలా వద్దా అన్న నిర్ణయానికి పనికిరాదు.

అపోహ: ఎప్పటినుంచో తింటున్నాం, ఏమీ కాలేదు కాబట్టి ఇకముందూ కాదు.

పాక్సిలస్ ఇన్‌వల్యూటస్ అనే గోధుమరంగు పుట్టగొడుగును ఐరోపాలో చాలాకాలం తినదగినదిగానే లెక్కించారు. పలుమార్లు తిన్న తరువాత కొందరి శరీరం దానికి ప్రతిస్పందించి, తన రక్తకణాలను తానే పగలగొట్టుకుంటుంది. జర్మనీకి చెందిన శిలీంధ్ర శాస్త్రవేత్త యూలియుస్ షెఫర్ 1944లో దానిని తిన్న తరువాతే మరణించారు. జీవితమంతా పుట్టగొడుగుల మధ్యే గడిపిన మనిషి ఆయన. "ఇది మా ప్రాంతంలో లేదు" అన్న ధైర్యం కూడా ఇటువంటిదే. డెత్ క్యాప్ ఐరోపా చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని, మొక్కలతోపాటు అమెరికాకూ ఆస్ట్రేలియాకూ చేరి, అక్కడి నేలలో స్థిరపడింది.

అపోహ: తిన్న వెంటనే ఏమీ కాకపోతే, లేదా వాంతులు తగ్గిపోతే గండం గడిచినట్లే.

దయచేసి ఈ భాగాన్ని నిదానంగా చదవండి. అమాటాక్సిన్ లక్షణాలు సాధారణంగా 6 నుంచి 12 గంటల తరువాత, కొన్నిసార్లు ఒక రోజుకు మొదలవుతాయి. విపరీతమైన వాంతులు, నీళ్ల విరేచనాలు ఒక రోజు పాటు ఉండి తగ్గుతాయి. రోగి లేచి కూర్చుంటాడు, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్లు పచ్చబడి, రక్తం గడ్డకట్టక, స్పృహ తప్పే స్థితికి చేరవచ్చు. కార్టినేరియస్ ఒరెల్లానస్ అనే పుట్టగొడుగు ఇంకా మోసకారి. దాని విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, లక్షణాలు రెండు మూడు రోజుల నుంచి రెండు వారాల తరువాత కూడా బయటపడవచ్చు. 1950లలో పోలండ్‌లో వందమందికి పైగా దానివల్ల జబ్బుపడేదాకా దానిని నిరపాయకరమైనదనే అనుకునేవారు.

కాబట్టి అనుమానం కలిగిన క్షణమే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన పుట్టగొడుగులనూ, చెత్తబుట్టలో పడేసిన ముక్కలనూ, వండినదానిలో మిగిలినదానినీ కాగితపు సంచిలో వెంట తీసుకువెళ్లాలి. ఎప్పుడు తిన్నదీ, ఎవరెవరు తిన్నదీ డాక్టరుకు చెప్పాలి. రెండు మూడు రకాలు కలిపి తిన్నప్పుడు, గంటలోనే వాంతి అయింది కాబట్టి ఇది తేలికపాటి రకమేనని తీర్మానించకూడదు, నెమ్మదిగా పనిచేసే విషం కూడా కడుపులో ఉండవచ్చు. మిల్క్ థిసిల్ మొక్కనుంచి తీసిన సిలిబినిన్‌ను ఆసుపత్రులలో నరంలోకి ఎక్కించే చికిత్స ఉన్నమాట నిజమే. దానిని చూసి, ఆ మొక్క ఎండుగింజల కషాయం తాగుతూ ఇంట్లో కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ముట్టుకుంటే విషం ఎక్కుతుందన్న భయం మాత్రం అక్కరలేదు. చర్మం గుండా ఈ విషాలు లోపలికి పోవు, పరిశీలించాక చేతులు కడుక్కుంటే చాలు.

ఇక ఆకులూ మూలికల విషయం.

అపోహ: మండుటెండలో పెడితేనే బాగా ఎండుతాయి.

త్వరగా ఎండుతాయి, బాగా ఎండవు. పుదీనా, తులసి వంటి ఆకుల గుణమంతా ఆవిరయ్యే నూనెలలో ఉంటుంది. నేరుగా పడే ఎండ ఆ నూనెలనూ, ఆకుపచ్చ రంగునూ రెండింటినీ తీసుకుపోతుంది. గాలి ఆడే నీడలో, 35 నుంచి 40 డిగ్రీల సెల్సియస్‌కు మించని వేడిలో, ఒకదాని మీద ఒకటి పడకుండా జల్లెడ గుడ్డ మీద పరచాలి. దళసరి వేళ్లను సన్నగా తరిగి పరిస్తే అంతకంటే కొంచెం ఎక్కువ వేడిని కూడా తట్టుకుంటాయి. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసిన ఆకు అన్నిటికంటే మేలు. మైక్రోవేవ్‌లో ఎండబెట్టడం నాకు నచ్చదు, ఎందుకంటే అంచులు మాడి మంటలు లేచే అవకాశం ఉంది.

ఆకు వేళ్ల మధ్య పొడి అయినంత మాత్రాన పని అయిపోలేదు. కాడను విరిచి చూడండి. అది వంగితే లోపల ఇంకా తడి ఉన్నట్టు, టక్కున విరిగితే ఎండినట్టు. నేను కొత్తగా ఎండిన ఆకును మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో వేసి, వారం పాటు రోజూ పొద్దున వెలుతురులో తిప్పి చూస్తాను. గాజు లోపలి వైపున ఒక్క చోట చెమ్మ మసక కనిపించినా అంతా బయటికి తీసి మళ్లీ ఆరబెడతాను.

అపోహ: కాస్త బూజు పడితే దులిపి, ఎండలో వేస్తే చాలు.

కొన్ని రకాల బూజు వదిలే విషాలు కంటికి కనబడవు, వేడికి తేలికగా నశించవు. ఇంతకంటే గట్టి ఉదాహరణ ఒకటుంది. 1920లలో ఉత్తర అమెరికాలో సరిగా ఎండని, బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం గడ్డకట్టక చనిపోయాయి. ఆ మొక్కలో సహజంగా ఉండే కూమరిన్‌ను బూజు డైకూమరాల్‌గా మార్చిందని 1940 నాటికి అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల తేల్చింది. ఎలుకల మందుగా 1948లో వచ్చి, తరువాత మనుషులకు కూడా ఔషధమైన వార్ఫరిన్ ఆ పరిశోధన కొనసాగింపే. లోపల మిగిలిన తడే మంచి గడ్డిని విషంగా మార్చిందన్నమాట. అందుకే బూజు వాసన తగిలిన సీసాను నేను మొత్తంగా పారేస్తాను. ఎండబెట్టడం వల్ల సూక్ష్మజీవులు చచ్చిపోతాయన్నదీ తప్పే. సాల్మొనెల్లా వంటివి ఎండిన ఆకుల మీద కూడా బతికి ఉండగలవు కాబట్టి, ఆకును ఎండబెట్టడానికి ముందే శుభ్రంగా కడిగి, నీరు పూర్తిగా విదిలించి పరచాలి.

అపోహ: మూలిక ఎండాక దాని తీవ్రత తగ్గుతుంది.

గన్నేరు ఆకు ఎండినా గుండెను ఆపగలదు, ఉమ్మెత్త ఎండినా ఉమ్మెత్తే. కామ్‌ఫ్రీ అనే మూలిక అనుకుని, గుండెకు విషమైన ఫాక్స్‌గ్లవ్ మొక్క ఆకులను టీ కాచుకుని తాగినవారు ఆసుపత్రి పాలయ్యారు. పూత లేనప్పుడు పచ్చివే తికమక పెడతాయంటే, ఎండి నలిగాక వాటిని వేరు చేయడం ఎవరి తరమూ కాదు. తీవ్రత తగ్గకపోగా, నీరు పోయినందున చెంచా కొలతలో పెరుగుతుంది. పచ్చి ఆకు మూడు చెంచాలు వేసే చోట ఎండినది ఒక చెంచా వేస్తే సరిపోతుంది.

పేరు తెలియని ఆకు మా ఇంట్లో ఎండబెట్టే గుడ్డ మీదికి రాదు. గుడ్డ మీద పరిచేటప్పుడే ఒక చీటీ మీద మొక్క పేరు, కోసిన చోటు, తేదీ రాసి ఆ ఆకుల పక్కనే పెడతాను. ఆకు సీసాలోకి వెళ్లినప్పుడు ఆ చీటీ కూడా సీసా మీదికి వెళ్తుంది. సీసా వెలుతురు తగలని అరలో ఏడాది ఉంటుంది. ఏడాది దాటాక మూత తీసి, చిటికెడు ఆకు వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తాను. వాసన రాకపోతే ఆకు ఎరువు గుంటకు వెళ్తుంది, సీసాను కడిగి ఆరబెట్టి, పాత చీటీని చించేస్తాను.