కంసాలి పిట్ట కూశాక ఆనప పాదు

బుజ్జీ, చిన్నీ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ "అమ్మమ్మా, పొద్దున్నే పెరట్లో గంటసేపు కూర్చుని ఏం చేస్తావు" అని అడిగారు, ఇంతలో ఎవరో తలుపు తట్టి మాట తెగిపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

పిట్టల్ని చూస్తాను, ఆనప పాదు చూసుకుంటాను. మీ హైదరాబాద్‌లో సొరకాయ అంటారే, అదే మన ఆనపకాయ. మీకు ఇవి రెండు పనుల్లా అనిపిస్తాయేమో కానీ నాకు ఒకటే పని.

సంక్రాంతి వెళ్ళగానే గింజ పెట్టేయాలని చెయ్యి లాగుతుంది, కానీ రాత్రుళ్ళు ఇంకా చలిగా ఉంటే గింజ మొలవడానికి చాలా రోజులు తీసుకుంటుంది, ఒక్కోసారి మట్టిలోనే కుళ్ళిపోతుంది. మా అత్తగారు రథసప్తమికి పాదు పెట్టేవారు. నేను ఆ రోజుతో పాటు కంసాలి పిట్ట కోసం కూడా చూస్తాను. ఆకుపచ్చగా, మన పిచ్చుక కంటే కాస్త పెద్దగా ఉంటుంది, నుదుటి మీద ఎర్రటి బొట్టు, గొంతు పసుపు. చలికాలమంతా దాదాపు గొంతే విప్పదు, ఎండ వేడెక్కగానే మునగచెట్టు పైకొమ్మ మీద కూర్చుని టుక్, టుక్, టుక్ అని రాగి చెంబు మీద సుత్తి కొట్టినట్టు ఆపకుండా కూస్తుంది. విచిత్రం ఏంటంటే కూసేటప్పుడు దాని ముక్కు మూసే ఉంటుంది, గొంతు దగ్గర చర్మం మాత్రం ఉబ్బుతుంది. తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. అది మొదలుపెట్టిందంటే నేనూ గింజలు నానబెట్టుకోవచ్చు.

తేనెపిట్ట సంగతి మీకు ఇంకా నచ్చుతుంది. చలికాలంలో మగ పిట్ట కూడా ఆడదానిలాగే పసుపు పొట్టతో ఉంటుంది, కాకపోతే గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల గీత ఉంటుంది, అది చూసి గుర్తుపట్టాలి. ఎండలు వచ్చే కొద్దీ మచ్చలు మచ్చలుగా నల్లబడి, చివరికి ఒళ్ళంతా నీలం, ఊదా కలిసి మెరిసిపోతుంది. ఒకే పిట్టను రోజూ చూస్తూ ఉంటే ఆ మార్పు కళ్ళ ముందే జరుగుతుంది, పుస్తకంలో బొమ్మ చూస్తే రాదు ఆ ఆనందం. గూడు కట్టేదంతా ఆడదే, సాలెగూడు దారాలతో, ఎండుటాకులు, బెరడు ముక్కలు అతికించి కొమ్మకు సంచిలా వేలాడదీస్తుంది. అందుకే పందిరి కింద సాలెగూళ్ళు దులపొద్దని నేను అందరి మీదా కేకలేసేది.

ఇప్పుడు ఒక మాట దాచకుండా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఆకులకు చిల్లులు పడుతున్నాయని టెన్షన్ పడి, కొట్లో ఇచ్చిన మందు తెచ్చి పాదంతా తడిసేలా కొట్టేశాను. రెండు మూడు రోజులకు తేనెటీగ ఒక్కటి కనపడలేదు, పిందెలు పచ్చబడి రాలిపోయాయి, పందిరి అంచున సగం కట్టిన తేనెపిట్ట గూడు అలాగే ఉండిపోయింది, అది మళ్ళీ రాలేదు. మందు వల్లేనని నేను రుజువు చేయలేను, కానీ ఆ ఖాళీ గూడును చూసినప్పుడల్లా గుండె పట్టేసేది. అప్పటి నుంచి మందు డబ్బా ఇంట్లోకి తేలేదు. లేత మొక్క రెండాకుల మీద ఉన్నప్పుడు ఎర్రటి పెంకు పురుగులు వస్తాయి, తెల్లవారి మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లుతాను. పండు ఈగ కుట్టిన పిందెలు వంకరపోతాయి, వాటిని కోసి లోతుగా పాతిపెడతాను. మిగతా గొంగళి పురుగుల్ని ఏరేది పిట్టలే. దర్జీ పిట్ట ఆకు కింద ఆకు తిరగేస్తూ ఎంత ఓపిగ్గా వెతుకుతుందో!

ఆనప పువ్వు తెల్లగా, సాయంత్రం విచ్చుకుంటుంది, బీర పువ్వు పసుపుదే అయినా అదీ సాయంత్రమే విచ్చుకుంటుంది. రాత్రి పూట వచ్చే రెక్కల పురుగులే ఆనప పువ్వుకు దగ్గరి చుట్టాలు, మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేర్చేది ఎక్కువగా అవే. మగ పువ్వు సన్నటి కాడ మీద ఉంటుంది, ఆడ పువ్వు కింద వేలెడంత పిందె ముందే ఉంటుంది. మీ ఆరో అంతస్తు బాల్కనీకి ఆ పురుగులు రాకపోతే, సాయంత్రం మగ పువ్వు కోసి రేకులు తీసేసి, దాని పుప్పొడి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. తీగ మూడు నాలుగు అడుగులు రాగానే కొస తుంచండి, జాలిపడొద్దు, ఆడ పువ్వులు పక్క కొమ్మల మీదే ఎక్కువ వస్తాయి.

ఇంకోటి, ఇది మాత్రం మరిచిపోవద్దు. ఆనపకాయ కోశాక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడమని అమ్మకు చెప్పండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి, రసం అసలు తాగకూడదు, అలా తాగి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. కాకర చేదు వేరు, అది తినే చేదు.

కాకర అంటే గుర్తొచ్చింది, గోడ పక్కన దానంతటదే మొలిచిన కాకర తీగ ఉందే, అది పిట్టలు తెచ్చిందనే నా ఊహ. పండిన కాకర నారింజ రంగుకు తిరిగి విచ్చుకుంటే లోపల గింజల చుట్టూ ఎర్రటి తియ్యటి గుజ్జు ఉంటుంది, దానికి పిగిలిపిట్టలు, అదే బుల్‌బుల్‌లు, వచ్చేస్తాయి.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల్ని లెక్కపెడతారు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. పదిహేను నిమిషాలు కదలకుండా చూసి, కనిపించినవి రాసుకుంటే చాలు. బాల్కనీలో వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, రోజూ మార్చండి.

కవర్లో పన్నెండు గింజలు పెట్టాను. రాత్రంతా నానబెట్టి, ఒక్కో కుండీలో రెండేసి, అంగుళం లోతున పెట్టండి. ఒక కాయను మాత్రం కోయకుండా తీగ మీదే ఎండనివ్వండి, ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. వేసవి సెలవుల్లో ఆ బుర్ర తీసుకొస్తే ఒకటిన్నర అంగుళానికి మించకుండా బెజ్జం పెట్టి పిచ్చుకలకు వసారాలో కడదాం, పోయినేడాది కట్టిన దాంట్లో ఇప్పుడు ఒక జంట గడ్డిపరకలు మోస్తోంది.

మీ అమ్మమ్మ