పీక్స్ మ్యాచ్ అయితే శాంపిల్ ప్యూర్ అయిపోదు

మా ల్యాబ్‌లో ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్, శాంపిల్ మీద ఎక్స్-రే వేసి దాని స్ఫటిక నిర్మాణం చూసే పద్ధతి) స్కాన్ చేయించుకున్న ప్రతి రెండో స్టూడెంటూ అడిగేదే ఇది, "సార్, పీక్స్ అన్నీ జేసీపీడీఎస్ కార్డుతో మ్యాచ్ అయ్యాయి, ప్యూర్ అని రాసేయనా?" (ఆ కార్డంటే ఏ పదార్థానికి ఏ కోణాల్లో పీక్స్ రావాలో చెప్పే రిఫరెన్స్ పట్టిక.) వద్దు, దయచేసి రాయొద్దు. పేపర్లు రివ్యూలో ఇరుక్కునేది ఈ ఒక్క మాట దగ్గరే.

ఎక్స్‌ఆర్‌డీలో పీక్ రావాలంటే పరమాణువులు చాలా దూరం వరకూ ఒక క్రమంలో ఉండాలి, అమార్ఫస్ (గాజులా స్ఫటికంగా మారని) భాగానికి ఆ క్రమం లేదు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ కాస్త ఉబ్బుతుంది అంతే, ఆ ఉబ్బుని కూడా బ్యాక్‌గ్రౌండ్ సబ్‌ట్రాక్షన్ పేరుతో మనమే తీసిపారేస్తాం. రీట్‌వెల్డ్‌లో (స్కాన్ మొత్తానికి లెక్క సరిపెట్టి ఏది ఎంత శాతముందో చెప్పే పద్ధతి) 100% అనటేస్ (టైటానియం డయాక్సైడ్‌కి ఉన్న ఒక స్ఫటిక రూపం) వచ్చింది కదా అంటారు, అది దొరికిన క్రిస్టలైన్ ఫేజులనే (స్ఫటిక రూపాలనే) కలిపి వందకి కట్టిన లెక్క, అమార్ఫస్ అందులో లేనే లేదు. ఇక ఒకటి రెండు శాతం ఇంప్యూరిటీ మామూలు ల్యాబ్ మెషీన్‌కి చాలాసార్లు దొరకదు కూడా.

ఆమధ్య ఒకమ్మాయి టైటానియం డయాక్సైడ్ తెచ్చింది, 25.3 డిగ్రీల దగ్గర అనటేస్ పీక్ చక్కగా ఉంది, 27.4 దగ్గర రూటైల్ (దాని ఇంకో స్ఫటిక రూపం) జాడే లేదు, కానీ ఫోటోకెటాలిసిస్ (వెలుతురుతో రసాయన చర్య జరిపించే పని) రిజల్ట్ బ్యాచ్‌కో రకంగా వస్తోంది, గైడేమో నీకు పని చేతకాదంటున్నాడట, పాపం ఏడుపొక్కటే తక్కువ. తూచి 20% కొరండం (స్టాండర్డ్‌గా వాడే స్ఫటిక అల్యూమినా) కలిపి మళ్లీ స్కాన్ చేస్తే రీట్‌వెల్డ్ దాన్ని 26% అని చూపించింది. అమార్ఫస్ లెక్కలోకి రాదు కాబట్టే కొరండం వాటా పెరిగినట్టు కనబడింది. అంటే అసలు శాంపిల్‌లో పావు వంతు పైనే అమార్ఫస్! ఇంకో బ్యాచ్‌లో అది బాగా తక్కువుంది. తేడా క్యాల్సినేషన్‌లో (పొడిని ఎక్కువ వేడిలో కాల్చడంలో) ఉంది, ఆ పిల్ల చేతిలో కాదు. అందుకే "ప్యూర్" బదులు "వేరే క్రిస్టలైన్ ఫేజుల పీక్స్ కనబడలేదు" అని రాయండి, అంతకు మించి చెప్పాలనుంటే ఇలా స్టాండర్డ్ కలిపి అమార్ఫస్ ఎంతుందో కొలిచి రాయండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. పీక్ వెడల్పుని బట్టి సైజు లెక్కగట్టే షెరర్ ఫార్ములా ఇచ్చేది క్రిస్టలైట్ (ఒకే క్రమంలో ఉన్న చిన్న స్ఫటిక ముక్క) సైజు, పార్టికల్ సైజు కాదు, అదీ ఇన్‌స్ట్రుమెంట్ బ్రాడెనింగ్ (మెషీన్ వల్ల పీక్‌కి వచ్చే అదనపు వెడల్పు) తీసేశాకే. సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌ఆర్‌డీ పరమాణువుల్ని ఫోటో తీయదు, డిటెక్టర్‌కి ఇంటెన్సిటీలే అందుతాయి, తరంగాల ఫేజ్ (పైన చెప్పిన స్ఫటిక ఫేజు కాదు, ఏ తరంగం ఎంత ముందు వెనకగా వచ్చిందో చెప్పేది) సమాచారం పోతుంది, దాన్ని లెక్కతో తిరిగి రాబట్టాలి.

ఎక్స్-రే తగిలిన శాంపిల్ రేడియోయాక్టివ్ అవుతుందని ఇంకా ఎవరో పుకారు పుట్టిస్తూనే ఉన్నారు, అది శుద్ధ అబద్ధం. కాపర్ ట్యూబ్ నుంచి మనం వాడే ఎక్స్-రే 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే, దానితో న్యూక్లియస్‌లో ఏ మార్పూ రాదు, ట్యూబ్ ఆఫ్ చేస్తే ఎక్స్-రే ఆగిపోతుంది. గర్భంతో ఉన్న అమ్మాయిలు భయపడటంలో తప్పేం లేదమ్మా, ఇంటర్‌లాక్ (తలుపు తీస్తే ఎక్స్-రే ఆపేసే ఏర్పాటు) పని చేస్తోందా, బయట సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) రీడింగ్ ఎంతుంది అని రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి, మీ ముందే కొలిచి చూపించమనండి.