సింథ్ ట్యూన్‌కి ఫీల్ ఉండదా? అపోహలు - వాస్తవాలు

స్టూడియోకి వచ్చే కుర్రాళ్లు చాలామంది ట్రాక్ వినిపించకముందే సంజాయిషీ మొదలుపెడతారు. "అంతా సింథ్ మీదే చేశానండి, ఫీల్ ఉండదేమో." (సింథ్ అంటే ఎలక్ట్రానిక్‌గా సౌండ్ పుట్టించే వాయిద్యం.) ఎవరో అన్న ఈ ముక్క మనసులో పెట్టుకుని, మంచి ట్యూన్లు డిలీట్ చేసేసినవాళ్లు నాకు తెలుసు. అందుకే ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది.

అపోహ: వాయించేది మెషిన్ కాబట్టి ఎలక్ట్రానిక్ సంగీతం గుండెకి తగలదు.

వాస్తవం: వయొలిన్ కూడా చెక్క, తీగలే. స్వరాన్ని ఎంత మెత్తగా ఎత్తుకున్నాం, ఎక్కడ ఊపాం, ఎప్పుడు వదిలేశాం అన్నదాంట్లో ఉంటుంది ఫీల్. సింథ్‌లో ఇవన్నీ మన చేతిలోనే ఉంటాయి. అనారోగ్యంతో వయొలిన్ వదిలేయాల్సి వచ్చిన క్లారా రాక్‌మోర్, చేత్తో తాకకుండానే వాయించే థెరమిన్ పట్టుకుని దాన్ని గొంతులా పాడించింది.

ఆమధ్య ఒకబ్బాయి, వాళ్ల తాతగారు పోయాక చేసుకున్న ట్యూన్ తెచ్చాడు. "ప్రాణం లేదు సార్, ఖరీదైన ప్లగిన్ కొనమంటారా?" అన్నాడు. ప్లగిన్ అంటే కొత్త సౌండ్ల కోసం కంప్యూటర్లో వేసుకునే సాఫ్ట్‌వేర్. మిడి (ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా మోగాలో రాసి ఉండేది) తెరిచి చూస్తే స్వరాలన్నీ వెలాసిటీ, అంటే నొక్కిన బలం, 100 దగ్గర, గీత గీసినట్టు గ్రిడ్ మీద, అంటే తాళం గీతల మీద ఉన్నాయి. సౌండ్ జోలికి పోకుండా, క్వాంటైజ్ (స్వరాల్ని గ్రిడ్ మీదికి లాగి సర్దడం) తీసేసి "నువ్వే వాయించు" అన్నాను. మూడోసారికి చివరి స్వరం 41కి పడింది, అదీ బీట్ దాటాక కాస్త ఆలస్యంగా. దాన్ని అలాగే ఉంచేశాం. ఆ స్వరం దగ్గర సౌండ్‌లో మెరుపు తగ్గేలా ఫిల్టర్ కటాఫ్ నెమ్మదిగా మూసుకొచ్చాం. సింథ్‌లో సౌండ్ పుట్టించే రెండో ఆసిలేటర్‌ని 6 సెంట్లు డీట్యూన్ చేస్తే, అంటే శ్రుతిని వెంట్రుకవాసి పక్కకి జరిపితే, సౌండ్ సన్నగా అల్లాడింది. మొత్తం ప్లే చేశాను. అబ్బాయి ఏమీ మాట్లాడకుండా లేచి బయటికెళ్లిపోయాడు. పది నిమిషాల తర్వాత కళ్లు తుడుచుకుని వచ్చాడు. కొత్తగా కొన్నదేమీ లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బటన్ నొక్కితే ట్యూన్ వచ్చేస్తుందన్నది అబద్ధం. 1963లో డెలియా డెర్బిషైర్ బీబీసీలో డాక్టర్ హూ అనే టీవీ సీరియల్ టైటిల్ సంగీతాన్ని టేపు ముక్కలు కోసి, అతికించి, ఒక్కో స్వరంగా కట్టింది. క్వాంటైజ్ చేస్తే ట్యూన్ చచ్చిపోతుందన్నదీ తప్పే. డాన్స్ ట్రాక్‌లో ఆ బిగువే ఒక ఊపు. ఏడుపు ట్యూన్‌కి అదే బిగువు పెడితేనే చిక్కు.

ఫీల్ లేదని టెన్షన్ పడేవాళ్లు ముందు మెలొడీ తెరిచి వెలాసిటీలు చూడండి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే ప్లగిన్లు వెతకడం ఆపి, ఆ మెలొడీని చేత్తో మళ్లీ వాయించండి.