భరత్‌పుర్ జాట్లు: ఒక గోత్రం రాజ్యమేలితే కులమంతా ఏలినట్టేనా?

కేంద్ర ప్రభుత్వం 1999లో రాజస్థాన్‌లోని జాట్లు అనే వ్యవసాయ కులంవారిని ఇతర వెనుకబడిన తరగతుల (ఓబీసీ) జాబితాలో చేర్చినప్పుడు భరత్‌పుర్, ధోల్‌పుర్ జిల్లాల జాట్లను మాత్రం పక్కన పెట్టింది. ఆ రెండు చోట్లా పూర్వం జాట్లే సంస్థానాధీశులు కనుక వారిని వెనుకబడినవారిగా లెక్కించలేమన్నది అప్పటి వాదన. 2014 మార్చిలో ఆ రెండు జిల్లాలవారినీ జాబితాలోకి తెచ్చారు గానీ, మరుసటి ఏడాది మార్చిలోనే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. రాష్ట్ర స్థాయి రిజర్వేషన్ సైతం 2015లో హైకోర్టు తీర్పుతో పోయి, 2017లో తిరిగి వచ్చింది. కేంద్ర జాబితా కోసం 2024 జనవరిలో భరత్‌పుర్ ప్రాంతంలోని జైచోలీ వద్ద రైల్వే లైను సమీపంలో మహాపడావ్ పేరిట ధర్నా సాగింది. ఈ తగాదా మూలం తెలియాలంటే అక్కడ నిజంగా రాజ్యమేలింది ఎవరో చూడాలి.

భరత్‌పుర్‌ను ఏలింది సిన్‌సిన్‌వార్ అనే ఒకే ఒక్క గోత్రం, అందులోనూ ఒక కుటుంబం. జాట్లలో గోత్రమంటే మూలపురుషుడి పేరో, మూల గ్రామం పేరో పట్టుకుని వచ్చే వంశం. మన ఇంటిపేరులాగానే అది ఎవరు ఎవరికి దాయాదులో చెబుతుంది. సొంత గోత్రంలో గానీ తల్లి గోత్రంలో గానీ పిల్లనివ్వరు, తెచ్చుకోరు. సిన్‌సిన్‌వార్లకు ఆ పేరు డీగ్ పట్టణానికి సమీపంలోని సిన్‌సిని గ్రామం నుంచి వచ్చింది.

పుట్టుపూర్వోత్తరాల గురించి రెండు కథనాలు ప్రచారంలో ఉన్నాయి. తాము శ్రీకృష్ణుని యదువంశానికి చెందినవారమని గోత్రంవారు చెప్పుకుంటారు. కరౌలీ వైపునుంచి వచ్చిన ఒక జాదోన్ రాజపుత్రుడు సిన్‌సినిలో స్థిరపడి జాట్ స్త్రీని పెళ్ళాడగా, ఆ సంతానమే ఈ గోత్రమైందని వంశావళులు భద్రపరిచే జాగాల కథనం. ఈ రెండో కథను నేటి సిన్‌సిన్‌వార్లలో చాలామంది ఒప్పుకోరు. నా దృష్టిలో రెండింటినీ రాజ్యం చేతికి వచ్చాక గౌరవం కోసం స్థిరపరచుకున్న వంశచరిత్రలుగానే చదవాలి. విజయనగరాన్ని స్థాపించిన సంగమ వంశీయులు కూడా తాము యదుకులజులమని శాసనాల్లో చెక్కించుకున్నవారే. దస్తావేజులకు అందే చరిత్ర మాత్రం పొలాల్లో, శిస్తు తగాదాల్లో మొదలవుతుంది.

ఆగ్రా, మథుర పరిసరాల భూములు మొఘల్ ఖజానాకు దగ్గరలో ఉండేవి కాబట్టి వసూళ్ళ ఒత్తిడి అక్కడి రైతులమీద ఎక్కువ. 1669లో తిల్పత్ జమీందారు గోకులా నాయకత్వంలో జాట్లు తిరగబడి, మథురలో మొఘల్ సైనికాధికారి (ఫౌజుదారు) అబ్దుల్ నబీ ఖాన్‌ను చంపారు. 1670 జనవరిలో గోకులాను ఆగ్రాలో క్రూరంగా వధించడంతో తిరుగుబాటు అణగినట్టు కనిపించింది. మరో పదిహేనేళ్ళకు సిన్‌సిని రాజారాం, సోగర్ గ్రామానికి చెందిన సోగరియా గోత్రపు రామ్‌చెహరాతో చేయి కలిపి, ఆ పోరును మళ్ళీ రగిల్చాడు. ఔరంగజేబు దక్కనులో గోలకొండ, బీజాపూర్ కోటల ముట్టడిలో చిక్కుకుని ఉండడం వారికి కలిసివచ్చింది. అబుల్ హసన్ తానీషా పాలన ముగిసిన 1687కు మరుసటి ఏడాదే రాజారాం సికంద్రాలోని అక్బర్ సమాధిని దోచాడు. అదే 1688లో అతడు యుద్ధంలో మరణించాడు. 1690లో అంబర్ రాజు బిషన్ సింగ్ సాయంతో మొఘల్ సేన సిన్‌సినిని పట్టుకుంది.

తర్వాత నాయకత్వం అదే గోత్రపు చూరామన్‌కు దక్కింది. 1716లో అంబర్ రాజు సవాయి జైసింగ్ అతని థూన్ కోటను ముట్టడించినా, రెండేళ్ళకు సంధితోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. 1721లో చూరామన్ చనిపోయాక ఇంటిపోరు బయటపడింది: అతని సోదరుని కొడుకు బదన్ సింగ్ జైసింగ్ పక్షాన చేరాడు, 1722లో థూన్ కూలింది, అధికారం బదన్ సింగ్ శాఖకు వచ్చింది. అతని కొడుకు సూరజ్‌మల్ 1761లో ఆగ్రాను పట్టుకుని, 1763 డిసెంబరులో రోహిల్లా నాయకుడు నజీబుద్దౌలాతో పోరులో నేలకొరిగే నాటికి ఆ రాజ్యాన్ని ఉత్తర భారతంలో ఎదురులేని శక్తుల సరసన నిలిపాడు.

ఇక్కడే గమనించవలసిన విషయం ఉంది. భరత్‌పుర్ కోట ఉన్న స్థలం అంతకుముందు ఖేమ్‌కరణ్ సోగరియాది. రాజారాంతో భుజం కలిపి పోరాడిన గోత్రం చేతినుంచే సూరజ్‌మల్ దాన్ని లాక్కున్నాడు. హోడల్‌కు చెందిన ఆడపడుచు రాణీ కిశోరితో వివాహం మరో బలమైన జాట్ కుటుంబాన్ని అతనికి అండగా నిలిపింది. కొన్ని గోత్రాలను బంధుత్వంతో కలుపుకుని, కొన్నింటిని బలంతో లొంగదీసిన ఏలిక అది.

ఆ కోట పేరు లోహ్‌గఢ్, అంటే ఇనుప కోట. కానీ దాని బలమంతా మట్టిలోనే ఉంది. మందమైన మట్టి ప్రాకారంలోకి దూసుకొచ్చిన ఫిరంగి గుండు రాతిగోడను బద్దలు కొట్టినట్టు కొట్టలేక లోపలే కూరుకుపోయేది. చుట్టూ ఉన్న లోతైన కందకంలోకి సమీపంలోని చెరువునుంచి నీరు వదిలేవారు. మరాఠా పాలకుడు హోల్కర్‌కు ఆశ్రయమిచ్చినందుకు 1805 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బ్రిటిష్ సేనాని జనరల్ లేక్ నాలుగుసార్లు దాడి చేసి, చనిపోయినవారు, గాయపడినవారు కలిపి మూడు వేలకు పైగా సైనికులను నష్టపోయి కూడా కోటలోకి అడుగుపెట్టలేకపోయాడు. ఇరవై ఏళ్ళకు వచ్చిన మరో బ్రిటిష్ సేనాని కంబర్‌మియర్ ఆ పాఠం నేర్చుకుని, కందకంలోకి నీరు చేరకముందే చెరువు కట్టను ఆక్రమించాడు. ప్రాకారం కింద సొరంగాలు తవ్వించి, మందుగుండు పేల్చి, 1826 జనవరి 18న కోటను పట్టుకున్నాడు. ఆ మట్టి మోసినవారు, ఆ గోడమీద నిలబడినవారు ఊళ్ళలోని రైతు బిడ్డలే అయినా సింహాసనం మాత్రం వారిది కాదు.

ఆ తర్వాత బ్రిటిష్ నీడలో ఒకే కుటుంబం 1948 దాకా గద్దెమీద ఉంది. ఆ ఏడాది మార్చిలో భరత్‌పుర్, ధోల్‌పుర్, అల్వర్, కరౌలీ కలిసి మత్స్య సంఘంగా ఏర్పడి, తరువాత రాజస్థాన్‌లో కలిశాయి. ధోల్‌పుర్ రాజులు సిన్‌సిన్‌వార్లు కారు. గోహద్ నుంచి వచ్చిన బమ్‌రౌలియా గోత్రంవారు. అంటే ఆ రెండు జిల్లాల్లో ఏలినవి రెండు వేర్వేరు ఇళ్ళు. మిగతా గోత్రాల జాట్లు వారి ప్రజలు, శిస్తు కట్టిన రైతులు.

2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు పాత లెక్కల ఆధారంగా రిజర్వేషన్ ఇవ్వకూడదని, కులం ఒక్కటే వెనుకబాటుకు కొలమానం కాదని చెప్పింది. ఆ సూత్రాన్ని నేను గౌరవిస్తాను. కానీ అదే సూత్రాన్ని 1999 నాటి మినహాయింపుకూ వర్తింపజేయాలి కదా. ఆ మినహాయింపు కూడా ఊళ్ళలోని కుటుంబాల చదువు, ఉద్యోగం, భూమి లెక్కగట్టి చేసింది కాదు. రాజుగారి కులాన్ని బట్టి చేసింది. పక్కనున్న అల్వర్ జిల్లా జాట్ యువకుడు కేంద్ర ఉద్యోగానికి ఓబీసీ ధ్రువపత్రం జతచేయగలడు. సిన్‌సినికి చెందిన కౌలురైతు కొడుకుకు ఆ అవకాశం లేదు. ఆ ఊరు ఇప్పుడు 2023లో భరత్‌పుర్ నుంచి విడగొట్టిన డీగ్ జిల్లాలో ఉంది. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ తాజా సామాజిక, ఆర్థిక సర్వే జరిపించి, ఈ జిల్లాల ఊళ్ళలో కుటుంబాల వారీగా వివరాలు సేకరించిన తర్వాతే ఎటువైపైనా నిర్ణయం చెప్పాలి.