బొగ్గు రంధ్రాల్లో హైడ్రోజన్: పెద్ద అంకెల వెనుక కథ

రామగుండానికి హైడ్రోజన్ కొత్త కాదు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన అక్కడి ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) ఎరువుల కర్మాగారం బొగ్గును గ్యాస్‌గా మార్చి, అందులోంచి తీసిన హైడ్రోజన్‌తో అమ్మోనియా, దాంతో యూరియా చేసేది. 1999లో అది మూతపడింది. 2021లో మొదలైన ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్) ఇప్పుడు సహజవాయువుతో అదే పని చేస్తోంది. రెండింటిలోనూ హైడ్రోజన్ పుట్టిన చోటే ఖర్చవుతుంది కాబట్టి నిల్వ పెద్ద సమస్య కాలేదు. 2023 జనవరిలో కేంద్రం రూ.19,744 కోట్ల గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించాక బండ్లకూ అదే ఇంధనమన్న మాట ఊపందుకుంది. చిక్కంతా అక్కడే ఉంది: బండిలో దాన్ని నిల్వ చేసుకుని తీసుకెళ్లాలి.

కిలో హైడ్రోజన్‌లో దాదాపు 2.7 కిలోల పెట్రోలుకున్నంత శక్తి ఉంటుంది. కానీ మామూలు గాలి ఒత్తిడిలో ఆ కిలోకు సుమారు 12 ఘనమీటర్ల చోటు కావాలి. అందుకే కార్లలో 700 బార్ల (ఒక బారు దాదాపు మామూలు గాలి ఒత్తిడి) ఒత్తిడితో ట్యాంకుల్లో కుక్కుతున్నారు. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి.

మూడో దారి బొగ్గు: కొబ్బరి చిప్పల్లాంటివి కాల్చి చేసే బొగ్గులోని సన్నని రంధ్రాల గోడలకు హైడ్రోజన్ అంటుకునేలా చేయడం. బొగ్గు వాయువులను పట్టి ఉంచుతుందని 18వ శతాబ్దంలోనే గమనించారు. 1898లో హైడ్రోజన్‌ను తొలిసారి ద్రవంగా మార్చిన జేమ్స్ డ్యూయర్, ఆ తర్వాత బాగా చల్లబరిచిన కొబ్బరి చిప్పల బొగ్గుతో పాత్రల్లో మిగిలిన గాలిని లాగేసి శూన్యం సృష్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుంచి సైనికులను కాపాడిన మాస్కుల్లోనూ బొగ్గే ఉంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపి 700, 800 డిగ్రీల దగ్గర కాలిస్తే బొగ్గు నిండా నానోమీటరు (మీటరులో వంద కోట్లో వంతు) పాటి రంధ్రాలు పడతాయి. అలాంటి మేలురకం పొడి ఒక్క గ్రాములో లోపలి ఉపరితలం 3,000 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. మన లెక్కలో దాదాపు 30 గుంటలు.

ఆశలు పెరిగింది 1990లలో. కార్బన్ నానోట్యూబులు (కార్బన్ పరమాణువులతో ఏర్పడే అతి సన్నని గొట్టాలు) తమ బరువులో 5 నుంచి 10 శాతం హైడ్రోజన్‌ను పట్టగలవని 1997లో ఒక పరిశోధన అంచనా వేసింది. అయితే వాళ్లు కొలిచిన మసిలో నానోట్యూబులు ఉన్నదే బహు కొద్ది. మిగతాది లెక్క కట్టి చెప్పింది. మరుసటి ఏడాది గ్రాఫైట్ నానోఫైబర్లలో (అతి సన్నని కార్బన్ పోగుల్లో) ఏకంగా 60 శాతం పైన అన్నారు. ఇతర ల్యాబుల్లో ఎవరికీ అది రాలేదు. 1999లో లిథియం, పొటాషియం కలిపిన నానోట్యూబుల్లో 14 నుంచి 20 శాతం అన్నారు. గ్యాస్‌లోని తేమను పీల్చి నమూనా బరువెక్కిందని ఏడాదికే తేలింది. ఇంకొన్ని ప్రయోగాల్లో, నానోట్యూబులను విడదీయడానికి వాడిన అల్ట్రాసోనిక్ కడ్డీ నుంచి రాలిన టైటానియం మిశ్రమలోహపు రజనే హైడ్రోజన్‌ను పట్టిందని 2001లో మరో బృందం చూపింది. ఇంత చిన్న పరమాణువును తూచేటప్పుడు తేమ, మలినం చాలు, లెక్క తలకిందులవడానికి.

ఇప్పుడు నిలిచిన లెక్క ఇది: మైనస్ 196 డిగ్రీల దగ్గర, తగినంత ఒత్తిడిలో, గ్రాము బొగ్గులోని ప్రతి 500 చదరపు మీటర్ల ఉపరితలానికి, బరువులో సుమారు 1 శాతం హైడ్రోజన్. మేలైన పొడిలో 5 శాతం దాటొచ్చు. గది ఉష్ణోగ్రతలో 100 బార్ల దగ్గర కూడా 1 శాతం లోపే. కాబట్టి ఎవరు శాతం చెప్పినా ఏ ఉష్ణోగ్రతలో, ఏ ఒత్తిడిలో అని ముందు అడగాలి.

వరంగల్, కరీంనగర్ వైపు మిల్లుల ఊకకు, చేలల్లో తగలబెట్టే పత్తి కట్టెకు కొదవ లేదు. రెండింటితోనూ ఇలాంటి బొగ్గు చేయొచ్చు. ఊకలోని సిలికాను క్షారంతో కడిగేస్తే రంధ్రాలు ఇంకా తెరుచుకుంటాయి. ముడిసరుకు దొరకడం కాదు, పట్టు చాలకపోవడమే అడ్డంకి: బొగ్గుకు, హైడ్రోజన్‌కు మధ్య బంధం మోల్‌కు (సుమారు 2 గ్రాముల హైడ్రోజన్‌కు) 4 నుంచి 6 కిలోజౌళ్లే. గది ఉష్ణోగ్రతలో పనికిరావాలంటే 15 దాకా ఉండాలని అంచనా. నైట్రోజన్, బోరాన్, లోహాల పరమాణువులను బొగ్గులో చొప్పించి ఆ పట్టు పెంచే ప్రయత్నాలు సాగుతున్నాయి.